ఎండిన ఏట్లో మునిగిన మనిషి

"మడిమల లోతు నీళ్లల్ల మనిషి ఎట్ల మునుగుతడు బిడ్డా?"

ఆగమ్మ ఈ మాట అడగడం ఇది నాలుగోసారి. మంగళవారం పోలీసులను అడిగింది. ఆ సాయంత్రం ఆస్పత్రిలో డాక్టర్‌ను అడిగింది. నిన్న భివండిలో, నూలు దుకాణం మీదున్న మల్లిక డిటెక్టివ్ ఆఫీసు మెట్లెక్కి వచ్చి అడిగింది. ఇప్పుడు శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి, భర్త శవం దొరికిన చోటే నిలబడి మళ్లీ అడిగింది.

మల్లిక చెప్పులు విడిచి కుండలి నదిలోకి దిగింది. మే నెల. నది అనడమే గానీ, పాత వంతెన కింద నాలుగడుగుల వెడల్పున మురికి పాయ ఒకటి పారుతోంది. నీళ్లు ఆమె మడమలు దాటలేదు.

ఆగమ్మ భర్త భీమ్‌రావు ఇరవై రెండేళ్లు భివండిలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపాడు. దూది దుమ్ముకు ఊపిరితిత్తులు పాడైతే మగ్గాల పని మానేసి, నీటిపారుదల శాఖలో దినకూలి మీద గేజ్ రీడర్‌గా చేరాడు. వంతెన స్తంభానికి తెల్లటి ఇనుప పట్టీ ఒకటి బిగించి ఉంటుంది. దాని మీద మీటర్ల గుర్తులు. పొద్దున ఎనిమిదింటికి, మధ్యాహ్నం మూడింటికి మెట్లు దిగి, నీళ్లు ఏ గుర్తు దాకా ఉన్నాయో చదివి పుస్తకంలో రాయాలి. అంతే పని. తొమ్మిదేళ్లలో ఒక్క పూట తప్పలేదు. మొన్న సోమవారం మధ్యాహ్నం గడి మాత్రం ఖాళీగా ఉంది. మంగళవారం పొద్దున ఆరున్నరకు బర్రెలు తోలుకొచ్చినవాళ్లు అతన్ని ఈ స్తంభం పక్కనే బోర్లా పడి ఉండగా చూశారు. చొక్కా మెట్ల కమ్మీకి చిక్కుకుని ఉంది.

మెట్ల మీద జారాడు, తల వెనక దెబ్బ తగిలింది, తెలివి తప్పి నీళ్లలో పడ్డాడు అని పోలీసులు రాసుకున్నారు. ఊపిరితిత్తుల నిండా నీళ్లున్నాయని డాక్టర్ రాశాడు. రెండు కాగితాలూ ఒకదానికొకటి సరిపోయాయి. ఫైలు మూతపడబోతోంది.

"ఆగవ్వా, సోమవారం ఇంట్ల నుంచి ఎన్ని గంటలకు పోయిండు?"

"పదిన్నరకు. మూడింటి రీడింగుకు దినాం రెండింటికి పోతడు. ఆనాడు జల్దీ పోయిండు. సంచి గూడ బరువుగుండె. ఏంది అని అడిగితే చెప్పలె."

"మందు అలవాటుందా?"

"సాంచాలు ఇడిసిన్నాడే మందు గూడ ఇడిసిండు."

మల్లిక తలెత్తి స్తంభాన్ని చూసింది. ఈ పనిలోకి రాకముందు ఆమె పదకొండేళ్లు ఒక ఇన్సూరెన్స్ కంపెనీకి అగ్నిప్రమాదాల సర్వేయర్‌గా తిరిగింది. కాలిన సాంచాల షెడ్డులోకి అడుగుపెడితే మొదట గోడలే చూసేది. మసి ఏ ఎత్తున ఆగిందో చూస్తే మంట ఎక్కడ పుట్టిందో, ఎంతసేపు మండిందో తెలిసేది. ఇప్పుడూ ఆమె కళ్లు నేల మీద లేవు.

ఒక మీటరు నలభై గుర్తు దగ్గర బూడిద రంగు గీత ఒకటి స్తంభం చుట్టూ ఉంది. గోటితో గీకింది. దూది నూగు. సాంచాల కింద రాలే నూగు నాలాల్లో కొట్టుకొచ్చి నీటి మీద తేలుతుంది. నీళ్లు ఏ ఎత్తున ఆగితే అక్కడ గోడకు అంటుకుంటుంది. ఈ గీత ఎండకు పెళ్లలు కట్టి ఉంది, ముట్టుకోగానే రాలింది. భీమ్‌రావు పుస్తకంలో ఏప్రిల్ పదకొండున అదే అంకె ఉంది. ఆ రోజు రైతుల కోసం ఎగువ డ్యామ్ నుంచి నీళ్లు వదిలారు. అంటే అది పాత గీత.

ఇంకో గీత ఉంది. దాన్ని చూడడానికి మల్లిక మూడు మెట్లు పైకెక్కాల్సి వచ్చింది. రెండు మీటర్ల పది. ఈ నూగు బూడిద రంగులో లేదు. ముదురు ఎరుపు. రుమాలు తడిపి అద్దితే రంగు దిగింది.

"ఆగవ్వా," అంది మల్లిక కిందికి చూస్తూ. "నీళ్లు మడిమల లోతు లేకుండె. మీ ఆయన తలకంటె మూరెడు ఎత్తున పారినయి."

ఆగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మెట్టు మీద కూలబడింది. కొంగు తీసి అంది, "గట్లయితే నేను పిచ్చిదాన్ని గాదన్నట్టు. పోలీసాయన నన్ను పిచ్చిదన్నడు."

"నువ్వు అడిగిందే సరైన మాట. ఆ నీళ్లు ఎప్పుడొచ్చినయి, ఏడికెల్లి వచ్చినయి, గది తెల్వాలె."

దిగబోతూ మల్లిక ఆగింది. పట్టీని బిగించిన బోల్టుకు ఏదో చుట్టుకుని వేలాడుతోంది. మెల్లగా విప్పింది. ఉబ్బిన కాడ, వాడిన ఆకు, నల్లబడిన ఊదా పువ్వు. ఇక్కడివాళ్లు జలపర్ణి అంటారు, తెలుగు ఊళ్లలో గుర్రపుడెక్క అంటారు. అటూ ఇటూ కనుచూపు మేర చూసింది. నదిలో ఎక్కడా ఒక్క మొక్క లేదు. దాన్ని ప్లాస్టిక్ కవర్‌లో వేసుకుంది. అదేం చెబుతుందో ఆమెకింకా తెలియదు.

"ఆ ఎర్రగీత నేను బుధవారమే చూసిన మల్లికక్కా!"

వంతెన మీద తెల్ల కారు. దాని పక్కన రూపేష్. తాత సిరిసిల్ల నుంచి వచ్చి భివండిలో నాలుగు సాంచాలు పెట్టాడు. తండ్రి వాటిని నలభై చేశాడు. రూపేష్ నలభై అమ్మి అంజూర్ ఫాటా దగ్గర ఏసీ ఆఫీసుతో డిటెక్టివ్ ఏజెన్సీ తెరిచాడు. పోయిన ఏడాది మల్లిక చేతిలోంచి రెండు కేసులు లాక్కున్నాడు. తెలివైనవాడే. ఆ సంగతి అతనికి అవసరానికంటె ఎక్కువ తెలుసు.

"చూస్తే పోలీసులకు ఎందుకు చెప్పలె?" అంది మల్లిక.

"నా క్లయింట్‌కు చెప్పిన. బట్టలకు రంగులేసే డయింగ్ సేట్ల సంఘం, కనకయ్య సేటు. నదిల ఏం జరిగినా రంగునీళ్లోళ్లే చేసిండ్రంటరు కదా, గందుకే ముందే నన్ను పెట్టుకున్నరు." మెట్లు దిగి వచ్చాడు. "సోమవారం పొద్దుగూకే వేళకు కింది ఊళ్ల పొలాలల్లకు గంటసేపు నీళ్లొచ్చినయి. ముగ్గురు రైతులు సంతకం పెట్టిచ్చిండ్రు. గంత నీళ్లు డ్యామ్‌ల తప్ప యాడున్నయి? గేట్ ఆపరేటర్ దత్తాత్రి ఆ రైతులకు దోస్తు. చోరీగా గేటు ఎత్తిండు, సైరన్ కొట్టలె, ఈయన కొట్టుకపోయిండు. బస్, సీదా కేస్. సాయంత్రం నాలుగింటికి ఇన్‌స్పెక్టర్ డ్యామ్ కాడికి వస్తున్నడు. దత్తాత్రిని తీస్కపోతడు."

"గట్లయితే ఇదేంది?" మల్లిక కవర్ చూపించింది.

"జలపర్ణి. కచరా."

"ఈ ఏట్ల యాడుంది? చూపియ్యి."

రూపేష్ చూశాడు. ఎగువకు, దిగువకు. "కొట్టుకొచ్చింది."

"ఏడికెల్లి?"

"అక్కా, నీకు చెట్లు కావాల్నా, నేరం జేసినోడు కావాల్నా?"

"నాలుగు గంటలకు గదా ఇన్‌స్పెక్టర్. ఇంక ఏడు గంటలుంది," అంది మల్లిక చెప్పులు వేసుకుంటూ.

*

పది గంటల ఇరవై నిమిషాలకు ఆమె కనకయ్య సేటు డయింగ్ కార్ఖానాలో ఉంది. వంతెనకు ఎగువన కిలోమీటరు దూరం. నదిలోకి రంగునీళ్లు వదిలే నాలాల్లో మొదటిది అక్కడిదే. రంగు మాస్టర్ సంపత్ ఒకప్పుడు భీమ్‌రావు పక్క సాంచాలు నడిపినవాడు. చేతులు మోచేతుల దాకా నీలంగా ఉన్నాయి.

"మెరూన్ రంగు ఎప్పుడేసినవ్ సంపత్?"

"సోమవారం ఒక్కదినమే. చీరల గుడ్డకు. శనివారం నలుపు, ఆదివారం బంద్, మంగళవారం నుంచి నీలం."

"ఎన్ని గంటలకు నాలాలకు ఇడిసినవ్?"

"రెండుంబావుకు. రెండో టబ్బు గూడ ఇడవాలె గానీ కరెంట్ పోయింది. మల్ల మెరూన్ ఎయ్యనే లేదు."

"పక్కానా? రెండుంబావు?"

"కరెంట్ పోయినప్పుడు గడియారం చూసిన. రెండు ముప్పై అయింది. గప్పటికి టబ్బు ఖాళీ."

అంటే ఎర్రగీత సోమవారం రెండుంబావుకు ముందు పడే వీల్లేదు. ఆ రంగు నీళ్లు పాయలో కిలోమీటరు దిగి గేజ్ దగ్గరకు చేరేసరికి మూడవుతుంది. సరిగ్గా మూడింటికి భీమ్‌రావు మెట్లు దిగుతాడు.

"ఇంకొక్క మాట. మే నెలల కార్ఖానాలకు నది నీళ్లు బంద్ గదా. మీకు నీళ్లు ఎట్ల వస్తున్నయి?"

సంపత్ కళ్లు ఆఫీసు కిటికీ వైపు తిరిగి వచ్చాయి. "ట్యాంకర్లు."

మల్లిక బయటకు వచ్చేటప్పుడు గేటు దగ్గర ఆగింది. సిమెంట్ కమాను. చెయ్యెత్తితే తగిలింది. ఆటో దూరుతుంది, టెంపో కష్టం. ట్యాంకర్ అసలు దూరదు.

ఆమె వెనక్కి తిరిగి చూసింది. సంపత్ అక్కడే నిలబడి ఆమెనే చూస్తున్నాడు. భయపడ్డవాడిలా లేడు. ఇంకో ప్రశ్న అడుగుతుందేమో అని ఎదురు చూస్తున్నవాడిలా ఉన్నాడు. కానీ కిటికీలో ఎవరిదో నీడ కదిలింది. అతను లోపలికి వెళ్లిపోయాడు.

*

మోరఖిండ్ డ్యామ్ గేటు గదిలో దత్తాత్రి ఒక్కడే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. యాభై ఐదేళ్ల మనిషి. తండ్రి భివండికి కూలికి వచ్చినవాడు. నాలుగింటికి ఎవరు వస్తున్నారో అతనికి అప్పటికే తెలిసింది. మంచినీళ్ల గ్లాసు మల్లికకు ఇచ్చాడు.

"నేను గేటు ఎత్తలె చెల్లె."

"ముందు ఒక సంగతి చెప్పు దత్తాత్రన్నా. ఇక్కడ గేటు ఎత్తితే వంతెన కాడికి నీళ్లు ఎన్ని గంటలకు పోతయి?"

"పద్దెనిమిది కిలోమీటర్లు. అయిదు గంటలన్న పడుతది."

"గట్లయితే సోమవారం పొద్దున పదింటికి నువ్వు ఏం జేస్తున్నవ్?"

"ఏముంది, ఇక్కడనే కూసున్న. తిట్లు తింటున్న." దత్తాత్రి గోడ మీది కాగితం చూపించాడు. "గిది జూడు. నగరానికి దినాం పైపుల తాగే నీళ్లు పోవాలె, వానలు పడేదాంక. మట్టం నూట పన్నెండున్నర కిందికి దిగితే వాళ్ల పంపులు గాలి పీలుస్తయి. రైతులకు ఏప్రిల్‌ల ఒక తడి, మేల ఒక తడి. కార్ఖానాలకు జూలై దాంక సున్నా. మీటింగ్‌ల అందరు ఒప్పుకున్నరు, సంతకాలు పెట్టిండ్రు. ఏప్రిల్ తడి నేను పూరా ఇచ్చిన. కిందికి సగం గూడ రాలేదని రైతులు నా మీద దరఖాస్తు పెట్టిండ్రు. ఇచ్చిన తడికే లెక్క లేదని నగరమోళ్లు మే తడి ఆపిచ్చిండ్రు. ఇగ ముగ్గురికీ నేనే దొంగను."

మల్లిక రిజిస్టరు తిప్పింది. సోమవారం 116.82. మంగళవారం 116.80. రోజుకు రెండు సెంటీమీటర్లు, ఎండకూ నగరం పైపుకూ కలిపి. బుధవారం, గురువారం అదే వరుస. అంకెలు ఎవరైనా రాయొచ్చు. ఆమె లేచి, గట్టు మెట్లు దిగి, జలాశయం అంచున ఉన్న కొలబద్దను తానే చదివింది. శుక్రవారం మధ్యాహ్నం 116.74. వరుస తప్పలేదు. సోమవారం అంత నీళ్లు బయటికి పోయుంటే ఈ రోజు ఈ అంకె రాదు.

ఆమె పైకి వచ్చేసరికి గదిలో రూపేష్ ఉన్నాడు. అతను దత్తాత్రి కుర్చీలో కూర్చుని కాలు మీద కాలు వేసుకున్నాడు. దత్తాత్రి నిలబడి ఉన్నాడు.

"ముందు కుర్చీ ఆయనకియ్యి," అంది మల్లిక.

"నాలుగింటి తర్వాత ఆయనకు కుర్చీ కాదు, బెంచీ దొరుకుతది."

"గేటు ఎత్తలేదు రూపేష్. చక్రానికి సీలు ఉన్నది. ఏప్రిల్ తడి అయినంక ఆఫీసోళ్లు వేసింది."

"సీలా!" రూపేష్ నవ్వాడు. "సీసం ముక్క, తీగె. నాకు ఇరవై నిమిషాలియ్యి, గసొంటిదే చేసి చూపిస్త. మట్టం అంకెలంటవా, రాసేది గూడ ఈయననే."

"ఇయ్యాల్టి అంకె నేను చదివిన."

"నువ్వు ఇంజనీరువు గాదు అక్కా. ఇన్‌స్పెక్టర్ నమ్మడు."

అది నిజం. మల్లిక గేటు యంత్రం దగ్గరకు వెళ్లింది. మనిషి ఎత్తు చక్రం. అది తిరిగితే నిలువు స్క్రూ కడ్డీ పైకి లేస్తుంది, కడ్డీతో పాటు నీళ్ల కింద గేటు లేస్తుంది. గ్రీజు నల్లగా గట్టిపడి ఉంది. వంగి, కడ్డీ చుట్టూ తిరిగి వెనక వైపు చూసింది. అక్కడే మోకాళ్ల మీద కూర్చుండిపోయింది.

"రూపేష్, ఇటు రా. ఇది గూడ ఇరవై నిమిషాల్ల చేస్తవా?"

కడ్డీకీ ఇనుప చట్రానికీ మధ్య కందిరీగ మట్టిగూడు ఉంది. అరచేతి అంత. సగం కడ్డీకి, సగం చట్రానికి అంటుకుని ఉంది. ఎండి రాయిలా అయింది. ఎక్కడా చిన్న పగులు కూడా లేదు. ఒక్క చుట్టు తిప్పినా అది రెండు ముక్కలయ్యేది.

రూపేష్ కళ్లద్దాలు తీసి చూశాడు. ఫోన్ లైటు వేసి చూశాడు. వేలితో తట్టబోయి ఆగాడు. గూడు రంధ్రంలోంచి ఒక కందిరీగ తల బయటపెట్టి మళ్లీ లోపలికి పోయింది.

"ఇది ఎన్ని దినాలదైతది?" అన్నాడు గొంతు తగ్గించి.

"పది పదిహేను దినాలది," అన్నాడు దత్తాత్రి. "పొడిచిందంటే బతకనియ్యదని నేను అటు పోత లేను."

"నాలుగు దినాల కిందట గేటు లేవలేదు," అంది మల్లిక. "ఇన్‌స్పెక్టర్ ఇంజనీరు గాకున్నా ఇది అర్థమైతది."

రూపేష్ ముఖంలో కోపం కనబడుతుందని ఆమె అనుకుంది. కనబడలేదు. లెక్క తప్పిన మంచి విద్యార్థిలా నుదురు ముడిచాడు. "మరి గంత నీళ్లు యాడివి?"

మల్లిక కవర్‌లోంచి మొక్క తీసి దత్తాత్రి ముందు పెట్టింది. "అన్నా, ఇది మీ చెరువుల ఉందా?"

"లేదు, ఉండనియ్యరు. పంపులకు చుట్టుకుంటదని నగరమోళ్లు ఒక్క మొలక కనబడ్డా పడవ పంపి పీకిస్తరు. ఇది మురికి నీళ్లల్ల పెరుగుతది చెల్లె. కదలని నీళ్లల్ల. ఇంత కాడ రావాలంటే నెల దినాలన్న నిలిచి ఉండాలె."

"నెల కిందట ఏమైంది?"

దత్తాత్రి వేళ్ల మీద లెక్కపెట్టాడు. నెల కింద ఏప్రిల్ తడి వదిలాడు. సగం గమ్యం చేరలేదు.

"భీమ్‌రావు ఇది ముందే అన్నడు," అన్నాడు నెమ్మదిగా. "రెండుసార్లు ఇక్కడికి వచ్చిండు. 'నువ్వు ఇడిసినంత నా కాడికి వస్తలేదు దత్తన్నా, నడుమ ఎవరో పట్టుకుంటున్నరు' అన్నడు. ఎన్ని గంటలకు ఎత్తిన, ఎన్ని గంటలకు దించిన, అన్నీ రాసుకపోయిండు. అందరు నన్ను దొంగ అంటుంటే ఆయన ఒక్కడే నా మాట నమ్మిండు."

"నడుమ నీళ్లు పట్టే జాగ ఏదన్న ఉందా?"

"పిప్రీ బంధారా ఒక్కటుండె. నదికి అడ్డంగ చిన్న గోడ, నడుమ నడుమ గడులు, గడులకు ఇనుప పలకలు. పలకలు దొంగలెత్తుకపోయిండ్రని ఎనిమిదేండ్ల కింద కాగితాలల్ల కొట్టేసిండ్రు. వంతెనకు అయిదు కిలోమీటర్ల పైన."

మల్లిక గడియారం చూసింది. రెండు అయిదు. రూపేష్ కారు తాళాలు తీశాడు.

"నువ్వెందుకు?" అంది.

"గా నీళ్లు యాడివో తెల్వకుంటె నాకు నిద్ర పట్టదు అక్కా. పా."

*

బంధారా చేరేసరికి రెండు నలభై. మట్టిరోడ్డు చివర కారు ఆపి దిగారు. ముందు మాట్లాడింది రూపేషే.

"పలకలు పోయినయన్నడు గదా!"

ఆరు గడుల్లో అయిదింటికి ఇనుప పలకలు గట్టిగా బిగించి ఉన్నాయి. కొత్తవి. బోల్టులకు ఇంకా నూనె మెరుస్తోంది. వాటి వెనక ఇప్పటికీ సగం ఎత్తున నల్లటి నీళ్లు నిలిచి ఉన్నాయి. నీళ్ల మీద పచ్చగా, ఊదా పూలతో, జలపర్ణి. నీళ్లు దిగిపోయిన మేర బురద మీద అదే మొక్క వాడి పడి ఉంది. గట్టు పక్కన లావుపాటి పైపు ఒకటి మట్టిలోకి దూరి దిగువకు, డయింగ్‌ల వైపు పోతోంది.

"నీ క్లయింట్ల ట్యాంకర్లు ఇవే," అంది మల్లిక.

రూపేష్ వంగి పైపు ఎటు పోతోందో చూశాడు.

మిగిలిన ఒక్క గడిలో పై పలక లేచి ఉంది. ఇనుప దూలానికి చైన్ పుల్లీ వేలాడుతోంది. మల్లికకు దాన్ని చూడగానే తెలిసింది. సాంచాల షెడ్డులో నూలు చుట్టిన బీములు ఎత్తడానికి వాడేది. ఒక్క మనిషి నెమ్మదిగా గుంజుతూ పోతే నలుగురు మనుషుల బరువు లేస్తుంది. సోమవారం భీమ్‌రావు మోసుకెళ్లిన బరువైన సంచిలో ఉన్నది ఇదే.

ఆమె గోడ మీదుగా నడిచి గడి పక్కన వంగింది. రాతి మీద, మోకాలి ఎత్తున, నీలిరంగు రాత. తయారైన బట్ట తానుల మీద నంబర్లు వేసే నూనె చాక్‌తో రాసింది. నీళ్లు తగిలినా చెదరలేదు.

"ఏం రాసిండ్రు?" రూపేష్ వంగి చూశాడు. అతను చదివింది మరాఠీ బడిలో. తెలుగు మాట్లాడతాడు, అక్షరాలు రావు. అతనికి ముందు ఇక్కడికి వచ్చి చూసిన సేటు మనుషులకూ వచ్చి ఉండవు. అందుకే ఆ రాత మిగిలింది.

మల్లిక పైకి చదివింది.

"సోమవారం. పగలు ఒకటి ఇరవై అయిదు. ఇక్కడ నీళ్లు రెండు మీటర్ల ఎనభై. పలక ఎత్తిన. ఇవి రైతుల ఏప్రిల్ తడి నీళ్లు. మూడు గంటల వరకు గేజ్ కాడికి వస్తయి. సర్కారు పుస్తకంల ఎక్కిస్త. గేజ్ రీడర్ భీమ్‌రావు."



ఆయన పలక ఎందుకు ఎత్తాడో ఇప్పుడు అర్థమైంది. దరఖాస్తు పెడితే ఎవరూ నమ్మరు. డ్యామ్ మూసి ఉన్న రోజు, సరిగ్గా రీడింగ్ వేళకు, తన గేజ్ దగ్గర రెండు మీటర్ల నీళ్లు కనబడితే ఆ అంకెను ఏ ఆఫీసూ దాటిపోలేదు. నీళ్లు ఎక్కడివని అడిగి తీరాలి. దినకూలీ మనిషి తన చేతిలో ఉన్న ఒకే ఒక్క అధికారాన్ని వాడుకున్నాడు.

"రూపేష్," అంది మల్లిక. "నీళ్లు ఎన్ని గంటలకు వస్తయో ఆయనకు తెలుసు. తనే ఇడిసిండు. గా నీళ్లకు ఎదురుగ కింది మెట్టు మీద ఎందుకు నిలబడుతడు?"

"నిలబడడు."

"పై నుంచి గూడ చదవొచ్చు. వంతెన మీద నిలబడి చదవొచ్చు."

"తల వెనక దెబ్బ," అన్నాడు రూపేష్ మెల్లగా. "నీళ్లు వచ్చినంక తగిలింది గాదు. ముందే కొట్టి, తెలివి తప్పినంక కింద పండబెట్టిండ్రు. నీళ్లు వస్తయని వాళ్లకు గూడ తెలుసు."

"ఆయన పలక ఎత్తిండని ఎవరో చూసిండ్రు. గానీ ఆయన మూడింటికి ఏ మెట్టు కాడికి పోతడో వాళ్లకు ఎట్ల తెలుసు?"

రూపేష్ గోడ మీద కూర్చున్నాడు. ఖరీదైన ప్యాంటుకు బురద అంటుకుంటున్నా చూసుకోలేదు. 

"నేనే చెప్పిన అక్కా."

మల్లిక తిరిగి చూసింది.

"ఆయన సచ్చిపోయినంక గాదు నన్ను పెట్టుకున్నది. పదిహేను దినాల ముందే. గేజ్ రీడర్ తప్పుడు అంకెలు రాస్తున్నడు, ఎవరిని కలుస్తున్నడో చూడు అన్నరు. ఆయన వెనక తిరిగిన. యాడికి పోతడు, ఎన్ని గంటలకు పోతడు, అన్నీ రాసుకున్న. ఆదివారం వాళ్లకు ఆ కాగితాలు ఇచ్చేసిన. సోమవారం రెండింటికి కనకయ్య సేటు ఫోన్ జేసిండు. 'వాడు రీడింగ్ తీసేటప్పుడు యాడ నిలబడుతడు' అని అడిగిండు. కింది నుంచి మూడో మెట్టు, మూడు గంటలకు ఒక్క నిమిషం అటిటు గాదు అని..." తల దించుకున్నాడు. "మంచిగ పనిజేసినవ్ అన్నడు."

ఆ మాట ముగిసిందో లేదో అతని ఫోన్ మోగింది. తెర చూసి మల్లిక వైపు తిప్పాడు. కనకయ్య సేటు. మల్లిక స్పీకర్ మీద పెట్టమని సైగ చేసింది.

"రూపేషూ, దత్తాత్రిని తీస్కపోయిండ్రా?" పెద్దాయన గొంతు, తీరిగ్గా ఉంది.

"నాలుగింటికి సేట్."

"మంచిది. ఇగ ఫికర్ లేదు. మనోళ్లు పిప్రీకి బయలెల్లిండ్రు. ఆ పలక దించి, ఉన్న గలీజంత కడిగేసి వస్తరు. నువ్వు యాడున్నవ్?"

రూపేష్ మల్లికను చూశాడు. పక్కనున్న నీలి రాతను చూశాడు.

"ఆఫీసుల సేట్. అంజూర్ ఫాటాల."

"అక్కడనే ఉండు," అని ఫోన్ పెట్టేశాడు సేటు.

మల్లిక అప్పటికే ఫోటోలు తీస్తోంది. రాత, పుల్లీ, పలకలు, పైపు. అన్నీ దత్తాత్రికి పంపింది. వెంటనే ఫోన్ చేసింది. "అన్నా, ఇన్‌స్పెక్టర్ వచ్చుడుతోనే పిప్రీకి తీస్కరా. కుర్చీల గూడ కూసోనియ్యకు. సీదా తీస్కరా."

"నాలుగింటికంటె ముందే వచ్చేసిండు చెల్లె, ఇప్పుడే దిగుతున్నడు. ముప్పావు గంట పడుతది."

ముప్పావు గంట. మట్టిరోడ్డు మలుపులో దుమ్ము లేచింది. ట్రక్కు ఒకటి ఎగుడుదిగుడుగా వస్తోంది. వెనక నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. ఒకడి చేతిలో గడ్డపార.

"కారు తాళం తీస్కో అక్కా. గట్టు మీది నుంచి అవతలి రోడ్డు ఉంది, నువ్వు పో."

"ఫోటోలు పోయినయి. ఇద్దరం పోదాం పా."

"ఫోటో కాడ కాదు, రాయి కాడ నిలబడి చూడాలె ఇన్‌స్పెక్టర్. నువ్వు ఇంజనీరువు గాదంటె ఎట్ల నమ్మడో, ఫోటో గూడ గట్లనే నమ్మడు." రూపేష్ లేచి నిలబడ్డాడు. "వాళ్లు నన్ను కొట్టరు. నేను వాళ్ల మనిషినే గదా. ముప్పావు గంట మాట్లాడుత. నాకు అదే వస్తది."

మల్లిక కదలలేదు. ట్రక్కు ఇంజిను ఆగింది. తలుపు తెరుచుకున్న చప్పుడైంది.

రూపేష్ రాతి మీదికి వంగి నీలి అక్షరాల మీద వేలు పెట్టాడు. "ఆయన పేరు ఇందుల యాడుంది? చూపియ్యి అక్కా."

ఆమె చివరి వరుస చూపించింది.

అతను తల ఊపి, ప్యాంటు దులుపుకుని, సరిగ్గా దానికి అడ్డంగా నిలబడ్డాడు.